వదులుగా కట్టిన సంగడి

ఏ వస్తువైనా తన పని తాను చక్కగా చేస్తే దానికి వేరే అలంకారం అక్కరలేదని కాలువ పనుల ఇంజనీరు దొరగారు మొదటిసారి నాతో అన్నప్పుడు, నేను తల ఊపానే గాని లోపల ఒప్పుకోలేదు. నా దృష్టిలో చక్కదనమంటే సరళరేఖ, సమకోణం, రెండు వైపులా సరిపోయే కొలత. ఇంట్లో చెంబులు కూడా ఎత్తుల వరుసలో ఉండాలనేవాణ్ణి. ఇప్పటికీ అంటాను. ఒక అలవాటు ఏ కారణం మీద నిలబడిందో ఆ కారణం తప్పని తేలినా, అలవాటు మాత్రం పోదు.

అప్పట్లో నేను గన్నవరంలో కాలువ కచేరీలో నక్షాలు గీసేవాణ్ణి. రాజమహేంద్రవరంలో ఇంగ్లీషు బడిలో గణితం, రేఖాగణితం క్రమంగా చదువుకుని వచ్చినవాణ్ణి కనుక ఆ ఉద్యోగం దొరికింది. వైనతేయం పాయ మీద అక్విడక్టు, అంటే కాలువను ఏరు దాటించే వంతెన, పూర్తయి, దాని మీదుగా నీళ్లు అవతలి గడ్డకు పారడం మొదలైన రోజులవి. దొరగారు చెన్నపట్నం నుంచి ఫొటోగ్రాఫు పెట్టె ఒకటి తెప్పించారు. కట్టడాల పటాలు తీసి పైవారికి పంపడం దాని అసలు పని. ఆ పని ముగిశాక ఆయనకు మరో ఆలోచన కలిగింది. ఈ ప్రాంతంలో జనం రోజూ వాడుకునే వస్తువుల్లో బాగా కుదిరినవి ఏవో చూసి, ఒక్కొక్కదానికి ఒక పటం తీసి, దాని కింద రెండు వాక్యాలు రాయమన్నారు. చెన్నపట్నంలో ఏదో ప్రదర్శనకు పంపుతారట. రెండే వాక్యాలని గట్టిగా చెప్పారు. మొదటి వాక్యం ఆ వస్తువు ఏం చేస్తుందో చెప్పాలి. రెండోది ఆ పనిని అది అంత బాగా ఎందుకు చేస్తుందో చెప్పాలి.

పటం తీయడం చూసేవారికి కనిపించినంత సులువు కాదు. గాజు పలక మీద జిగురు మందు పోసి, నలుమూలలకూ పాకేటట్టు వంచి, వెండి ద్రావకంలో ముంచి, తడి ఆరకముందే పెట్టెలో పెట్టి పటం పట్టి, మళ్లీ వెంటనే నల్లగుడారంలోకి పోయి కడగాలి. మన ఎండలో ఆ తడి నిలిచేది కొద్దిసేపే. కడగడానికి ఏటి నీళ్లు తిన్నగా పనికిరావు. కుండలో పోసి, ఇండుప గింజ అరగదీసి తేర్చాలి. పెట్టె వెనక ఉన్న మసక అద్దంలో లోకమంతా తలకిందులుగా కనిపిస్తుంది. క్రమం తప్పిన ఆ చూపు మొదట్లో నాకు నచ్చలేదు. కొన్నాళ్లకు అందులో ఒక లాభం కనిపించింది. తలకిందులుగా చూసినప్పుడు వస్తువు పేరు మరుపున పడి ఆకారం ఒక్కటే మిగులుతుంది.

ఈ పనిలో నాకు సహాయంగా నా భార్య తమ్ముణ్ణి గుమాస్తాగా వేయించుకున్నాను. అతనికి అప్పుడు ఇరవై రెండేళ్లు. చేతిరాత ముత్యాల్లా ఉండేది. నోరు మాత్రం అదుపులో ఉండేది కాదు.

"బావగారూ, ఈ చిప్పగరిటె పటం చెన్నపట్నం వెళుతుంది, సరే. మరి అక్కయ్యకి ఏం చెబుతారండీ? పొద్దున్నించీ గరిటె కనపడక నన్ను దొంగని చేసేసింది."

"పని అయిపోగానే ఇచ్చేస్తానని చెప్పు."

"తలకిందులుగా ఇస్తారా, తిన్నగా ఇస్తారా అని అడుగుతుందండి."

నేను నవ్వలేదు. పనివేళల్లో నవ్వడం నా అలవాటు కాదు. ఆ గరిటె గురించి మేము రాసిన వాక్యాలు మాత్రం నాకు జ్ఞాపకం ఉన్నాయి. కొబ్బరి చిప్పకు ఎదురెదురుగా రెండు బెజ్జాలు పెట్టి అందులో వెదురు బద్ద దూర్చుతారు. బద్ద కాలితే బద్దను, చిప్ప పగిలితే చిప్పను మార్చుకోవచ్చు, రెండూ ఒకేసారి పారేయనక్కరలేదు. ఆ తరువాత కుండ కింద పెట్టే గడ్డి కుదురు పటం తీశాం. నాట్లు వేసే ఆడవాళ్లు వీపు మీద బోర్లించుకునే తాటాకు గొడుగు పటం కూడా తీశాం. అది వానను ఆపుతుంది, చేతులు రెండింటినీ పనికి వదిలేస్తుంది. వాటిని చూడడం నేను నిజంగానే నేర్చుకుంటున్నానని అనుకున్నాను.

గన్నవరానికి దిగువన ఒక రేవు ఉండేది. దాన్ని నడిపేవాడు ఒక ముసలి సరంగు. ఏటి మీదే పుట్టి పెరిగిన బెస్త కుటుంబం. అతనికి పడవ లేదు. మూడు సంగడులు మాత్రం ఉండేవి. సంగడి అంటే తాటిమాను తొలిచి చేసిన దోనెలు రెండింటిని పక్కపక్కన పెట్టి, అడ్డంగా రెండు వెదుళ్లు వేసి కట్టిన సాధనం. ఒక్క దోనె ఒంటిగా ఉంటే ఒరిగిపోతుంది, రెండు కలిస్తే నిలకడ వస్తుంది. ఈ సంగతి నాకు వెంటనే అర్థమైంది. నాకు నచ్చనిది కట్టు. ప్రతి దోనెనూ ముందొకచోట, వెనకొకచోట కొబ్బరి తాడుతో వెదుళ్లకు కట్టేవాడు. ఆ తాళ్లు వదులుగా ఉండేవి. నడుస్తుంటే కిర్రుకిర్రుమనేవి. నాలుగు ముడుల నుంచీ నాలుగు పొడవైన కొసలు దోనె అడుగున పాక్కుంటూ సరంగు నిలబడే చోటికి వచ్చి, అక్కడ అతని కాళ్ల కింద చిందరవందరగా పడి ఉండేవి. పటం తీయవలసిన వస్తువుల వరుసలో సంగడిని రాశాను గాని, ఆ కట్టు చక్కబెట్టనిదే తీయకూడదని పక్కన గుర్తు పెట్టుకున్నాను.

ఆ ఏడు వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో రాజోలు వైపు తూముల పటాలు తీయవలసి వచ్చింది. ఏటిలో ఇంకా ఎర్రనీరే ఉంది. గాజు పలకల పెట్టెలు, మందు సీసాలు, నల్లగుడారం అవతలికి చేర్చాలి. పలకలు బీట వేస్తే చెన్నపట్నం నుంచి మళ్లీ రావడానికి నెలలు పడుతుంది. నేను రేవుకు వెళ్లేసరికి సరంగు గంజి తాగడానికి గుడిసెలోకి వెళ్లాడు. ఆ కిర్రుమనే తాళ్ల మీద పలకలను పంపడానికి నాకు మనసొప్పలేదు. కచేరీ నుంచి తెచ్చిన కొత్త నూలుతాడు మా దగ్గర ఉంది. తెల్లగా, ఒకే లావున, గుడారానికి కట్టడానికి తెచ్చినది. కొబ్బరి తాళ్లన్నీ తీయించి దానితో బిగించి కట్టమని బావమరిదికి చెప్పాను. అతను చొక్కా తడవకుండా మడిచి, నాలుగు చోట్లా రెండేసి చుట్లు వేసి, రెండేసి ముడులు వేసి, మిగిలిన కొసలను చక్కగా కోసేశాడు. సంగడి కదపగా శబ్దం రాలేదు. అది చూసి నాకు తృప్తి కలిగింది. ఆ తృప్తి నాకు స్పష్టంగా జ్ఞాపకం ఉంది కనుకనే ఇక్కడ రాస్తున్నాను.

సరంగు మూతి తుడుచుకుంటూ వచ్చి తాళ్ల మీద చెయ్యి వేసి చూశాడు.

"కొస ఏదండీ బాబూ?"

"కొస కనబడకుండా కట్టడమే పనితనం, తాతా," అన్నాడు మా బావమరిది. "నీ సంగడికి పెళ్లికూతురి ముస్తాబు చేశాం. కట్నం ఏమిస్తావు?"

సరంగు నవ్వలేదు. నా వైపు చూశాడు. నేను గడియారం చూసుకుంటున్నాను. ఆలస్యమవుతోందని చెప్పాను. అతను గడ అందుకున్నాడు.

మొదటి విడతలో పలకల పెట్టెలతో బావమరిదిని పంపి, రెండో విడతలో గుడారంతో నేను వెళ్లాలని ఏర్పాటు. అందుచేత నేను ఒడ్డున నిలబడి అంతా చూశాను. ఏటి నడుమ పైనుంచి కొట్టుకొచ్చిన దుంగ ఒకటి కుడివైపు దోనెకు తగిలింది. ఆ దోనె చీలి నీళ్లు నిండసాగింది. నిండిన కొద్దీ అది రెండోదాన్ని తనతోపాటు ఒరిగించింది. సరంగు నడుముకున్న కత్తి తీసి వెనక ముడిని కొయ్యడం కనిపించింది. ముందువైపు ముడి దగ్గరికి చేరేలోగా రెండు దోనెలూ బోర్లపడ్డాయి. సరంగు ఈదుకుంటూ వచ్చాడు. నా బావమరిదికి ఈత రాదు. మూడో రోజు దిగువన లంక ఒడ్డుకు శరీరం చేరింది. పలకల పెట్టె ఒకటి కూడా చేరింది. పలకలు పగలలేదు.

నేను ఏడవలేదు. ఆ తరువాతి నాలుగు నెలల్లో నేను చేసిన పనుల జాబితా అడిగితే చెప్పగలను. రోజూ ఒకే వేళకు లేచాను. పదిహేడు నక్షాలు గీశాను. ఏ నక్షాలోనూ తప్పు లేదు. అన్నం రుచి మాత్రం చెప్పలేను. నా భార్య కూడా పెద్దగా ఏడవలేదు. ఆమె ఒక మాట పట్టుకుంది.

"ఆ ముసలాడు ఈదుకొచ్చేడు. వాడు రాలేదు."

రోజుకు ఒకసారైనా అనేది. వడ్డిస్తూ అనేది, దీపం వెలిగిస్తూ అనేది. ఆ మాట సరైనదేనని అనుకునేవాణ్ణి.

తాసిల్దారుగారు వచ్చి విచారణ చేశారు. రెండు తాటిదోనెలను తాళ్లతో కట్టి మనుషులను దాటించడం ప్రమాదమని, వచ్చే వర్షాకాలం నుంచి ఆ రేవులో చెక్క పడవ తప్ప మరొకటి తిరగరాదని హుకుం రాయించారు. దాని మీద సంతకం ఒక్కటే తక్కువ. చెక్క పడవ ఉన్నవాళ్లు అమలాపురం వైపు ఉన్నారు, వాళ్లకు రేవు పోతుంది. ముసలి సరంగుకు, అతని కొడుకుల రెండు ఇళ్లకు ఆ రేవు తప్ప మరో ఆధారం లేదు. అయితే ఆ రోజు సంగడి మా కచేరీ పని మీద వెళ్లింది కాబట్టి, సంతకం చేసే ముందు తాసిల్దారుగారు మా దొరగారి అభిప్రాయం కోరారు. దొరగారు ఆ కాగితం నాకు ఇచ్చారు.

సంగడి పటం ఎలాగూ తీయాలి కదా, తీసి నీ రెండు వాక్యాలూ రాయి, వాటినే నా అభిప్రాయంగా పంపుతాను, అన్నారు. ఆయన మంచి ఉద్దేశంతోనే అన్నారు. ఇంట్లో ఆ సంగతి చెప్పాను.

"రెండు వాక్యాలెందుకండీ," అంది నా భార్య. "ఒకటి చాలు."

సంగడి మనుషులను దాటించడానికి పనికిరాదనే ఆ ఒకటి నా మనసులో సిద్ధంగానే ఉంది.

చలికాలం చివర, నీళ్లు తేరుకున్నాక, ఒక ఉదయం పెట్టె, గుడారం బండి మీద వేయించుకుని రేవుకు వెళ్లాను. సరంగు ఒక సంగడిని ఇసుక అంచుకు తెచ్చి కడిగి ఉంచాడు. అతని భార్య గుడిసె ముందు చేపలు ఎండబెడుతోంది.

"వొచ్చేరండీ," అంది ఆమె, చేపలతో చెబుతున్నట్టు. "నీడపెట్టె కూడా తెచ్చేరు. ఉరి తీసేముందు బొమ్మ తీసుకుంటారు గావాల్ను."

"నోరు ముయ్యే," అన్నాడు సరంగు. "ఆయ్, రండి బాబుగారూ."

"నే మూస్తాను సరే. నువ్వు ఎప్పుడు తెరుస్తావు? నాలుగు నెలల్నించి చూస్తన్నాను."

ఆమె మాట నేను పట్టించుకోలేదు. పెట్టె నిలబెట్టి, తల మీద నల్లగుడ్డ కప్పుకుని అద్దంలో చూశాను. సంగడి తలకిందులుగా వేలాడుతోంది. అన్నీ ఒద్దికగానే ఉన్నాయి, తాళ్ల కొసలు తప్ప. అవి నాలుగు గీతలై పైకి పాకుతూ పటాన్ని పాడుచేస్తున్నాయి. గుడ్డలోంచి తల తీయకుండానే చెప్పాను.

"ఆ కొసలు చుట్టి లోపలికి దోపు. చూడడానికి బాగోలేదు."

"వద్దండి."

గుడ్డ తీసి చూశాను. అతను అంతకు ముందు ఎన్నడూ నాతో ఆ మాట అనలేదు.

"ఏం, ఎందుకు?"

"కొసలు దోపేస్తే అది సంగడి కాదండి బాబుగారూ. రెండు దోనెలు, అంతే."

"అర్థమయ్యేటట్టు చెప్పు."

"చెబితే ఏం అర్థమవుద్దండి. చూపిస్తాను." భార్యను పిలిచాడు. "ఓసే, ఇటు దిగి కుడిదాన్ని ముంచు."

"ముంచడానికి నన్ను పిలుస్తావు, చెప్పడానికి మాత్రం నీకు నోరు పెగలదు," అంటూ ఆమె చేతులకు అంటిన పొలుసులు దులుపుకుని నడుములోతు నీళ్లలోకి దిగింది. సరంగు సంగడిని లోతుకు నెట్టి ఎడమ దోనెలో నిలబడ్డాడు. ఆమె కుడి దోనె అంచు పట్టుకుని ఒత్తింది. నీళ్లు లోపలికి దూకాయి. నేను ఒడ్డున నిలబడి ఒకసారి చూసిన దృశ్యమే మళ్లీ చూశాను. నిండిన దోనె రెండోదాన్ని ఒరిగించసాగింది. అప్పుడు సరంగు వంగి, కాళ్ల దగ్గరున్న కొసల్లో రెండింటిని ఒక్కసారి లాగాడు. ముందు ముడి, వెనక ముడి రెండూ జారిపోయాయి. నిండిన దోనె వెదుళ్లను వదిలి అడుగుకు పోయింది. మిగిలినది, అడ్డంగా ఉన్న వెదుళ్ల ఆనుకతో, రెండుసార్లు ఊగి నిలబడింది. అతను దాని మీదే ఉన్నాడు.

"ములిగింది ములిగిపోద్దండి," అన్నాడు. "ఉన్నదాన్ని పట్టుకుని జనం ఒడ్డెక్కుతారు. అలకి రెండూ దేనికది లేవాలి గనక కట్టు వదులుగా ఉండాలి. అవసరానికి ఊడాలి గనక జారుముడి ఉండాలి. మా తాత కాణ్ణించి ఇదే కట్టండి."

నేను ఒక ప్రశ్న అడిగాను. అడగకుండా ఉండే అవకాశం ఉందని అప్పుడే తెలుసు.

"నూలుతాడుతో బిగిస్తే?"

"అడిగేరు," అంది అతని భార్య నీళ్లలోంచి. "ఇన్నాళ్లకి అడిగేరు."

గుడారానికి కట్టిన తాడు ఆ రోజు వాడిన కట్టలోదే. ఒక ముక్క కోసుకుని వచ్చేలోగా వాళ్లిద్దరూ మునిగిన దోనెను పైకి లాగి నీళ్లు తోడేశారు. నా బావమరిది ఎలా కట్టాడో అలాగే, రెండేసి చుట్లు, రెండేసి ముడులు వేసి దోనెను వెదురుకు కట్టాను. సరంగు దాన్ని తడిపి, దోనెలో నీళ్లు నింపి బరువు పడనిచ్చాడు. వంద లెక్కపెట్టాను. తరువాత నీళ్లలోకి దిగి ఆ ముడి విప్పబోయాను. తాడు ఉబ్బి, ముడి రాయిలా అయింది. గోళ్లతో ప్రయత్నించాను. పళ్లతో కూడా ప్రయత్నించాను. ఒక గోరు విరిగింది, నొప్పి తెలియలేదు.

"తడిస్తే నూలు ఉబ్బుద్దండి. ముడి కరుసుకుపోద్ది. కొబ్బరి పీచు అలా అవదండి," అన్నాడు సరంగు, ఎంతో మర్యాదగా, ఏదో చిన్న సంగతి చెబుతున్నట్టు.

"ఆ రోజు ఎందుకు చెప్పలేదు?"

"కొస ఏదని అడిగేనండి."

అడిగిన మాట నిజం. నేను గడియారం చూసుకుంటున్న మాటా నిజం.

"గట్టిగా చెప్పవలసింది."

"మీరు చదువుకున్నోరు. కాలవనే ఏటి మీదనించి నడిపించేరు. తెలిసే కట్టించేరనుకున్నానండి."

"పోనీ, తాసిల్దారుగారు వచ్చినప్పుడు?"

సరంగు గడను ఇసుకలో గుచ్చి, దాని వైపు చూస్తూ మాట్లాడాడు. "ఏటని చెప్పనండి? బాబుగారు కట్టించేరనా? చిన్నబాబుగారి అక్కగారు మీ ఇంట్లోనే ఉన్నారు గదండి. భయం కూడా అనుకోండి. నా మాటెవరు వింటారండి."

"మన పొయ్యి ఆరిపోయినా పర్లేదంట," అంది అతని భార్య, "బాబుగారింట్లో పొయ్యి రాజుకోవాలంట."

సరంగు నా ముడి కోసేసి దోనెను ఎప్పటిలా కొబ్బరి తాళ్లతో కట్టేలోగా నేను తడి బట్టలతోనే పలక సిద్ధం చేశాను. కొసలను కదపలేదు. పెట్టె మూత తీసి ఇరవై లెక్కపెట్టి మూత పెట్టాను. ఆ పటంలో ఏటి నీరు పాల మీగడలా వచ్చింది. దోనెలు చక్కగా వచ్చాయి. తాళ్ల కొసలు మాత్రం గాలికి కొద్దిగా కదిలినందువల్ల జంటగా, ఒకదాని పక్కన దాని నీడ ఉన్నట్టు పడ్డాయి. నేను తీసిన పటాలన్నింటిలో క్రమం లేనిది అదే.

ఆ మధ్యాహ్నం కచేరీలో కూర్చుని రెండు వాక్యాలూ రాశాను. సంగడిలో ఒక దోనెకు ప్రమాదం వస్తే దాన్ని ఒక్క లాగుతో విడిచి రెండోదాన్ని దక్కించుకునే ఏర్పాటు ఉన్నదని, కట్టు వదులుగా ఉండడమూ కొసలు సరంగు చేతికి అందుబాటులో ఉండడమూ ఆ ఏర్పాటుకే అని మొదటి వాక్యం. గత వర్షాకాలంలో జరిగిన మరణానికి కారణం సంగడి కాదని, ఆ కట్టును తీయించి నూలుతాడుతో బిగించవలసిందిగా నేను ఇచ్చిన ఉత్తర్వేనని రెండో వాక్యం.

కాగితం పైకి వెళ్లకముందే ఇంట్లో చెప్పడం ధర్మమనిపించింది. ఇంటికి వెళ్లాను. నా భార్య చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. ఆ వేళప్పుడు నేను ఎన్నడూ ఇంటికి రాను. తల ఎత్తి చూసింది. జరిగినదంతా వరుస తప్పకుండా చెప్పాను.

ఆమె చేతులు ఆగలేదు. ఒక రాయి తీసి పక్కన పెట్టింది. ఇంకొకటి పెట్టింది.

"ఆ తాడు కట్టమన్నది మీరేనా?"

"నేనే."

"కట్టింది?"

"వాడే కట్టాడు."

"బాగా కట్టేడా?"

"చాలా బాగా కట్టాడు."

ఆమె చేటను ఒకసారి చెరిగింది. పొట్టు వాకిట్లో పడింది. "రాసింది ఇచ్చెయ్యండి," అంది. "అన్నం ఇంకా అవలేదు, వచ్చేక తిందురుగాని."

దొరగారు కాగితం చదివి, పెన్సిలుతో రెండో వాక్యం కొట్టేశారు. అది వస్తువును గురించిన మాట కాదని, ప్రదర్శనకు అక్కరలేదని, నా మేలు కోరి కూడా చెబుతున్నానని అన్నారు. ఆయన మాట ఎదిరించడం నాకు అలవాటు లేదు. ప్రదర్శనకు వెళ్లే కాగితంలో ఆ వాక్యం తీసేశాను. కాని మొదటి వాక్యం ఒక్కటే వెళితే, ఇంత మంచి సాధనం మీద మనిషి ఎందుకు చనిపోయాడని తాసిల్దారుగారు అడగకమానరు. ఆ ప్రశ్నకు జవాబు లేని పక్షంలో హుకుం మీద సంతకం పడుతుంది. అందుచేత రెండో వాక్యాన్ని వేరే కాగితం మీద నా చేతిరాతతో రాసి, సంతకం పెట్టి, మరునాడు అమలాపురం వెళ్లి స్వయంగా ఇచ్చాను.

తాసిల్దారుగారు రెండుసార్లు చదివారు.

"ఇది మీరు ఇవ్వకపోయినా మిమ్మల్ని అడిగేవాళ్లు లేరండి."

"తెలుసండి."

"మీ అత్తవారికి తెలుస్తుంది."

"తెలుస్తుందండి."

ఆయన కాగితాన్ని కట్టలో పెట్టుకున్నారు. హుకుం రాలేదు. రేవు సరంగుకే ఉండిపోయింది. నాకు శిక్ష ఏదీ పడలేదు. దొరగారు ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. మా మామగారు నాకు ఉత్తరం రాయడం మానేశారు. బతికి ఉన్నన్నాళ్లూ మళ్లీ మా గడప తొక్కలేదు. అది న్యాయమేనని అనుకున్నాను. బాధ కలగవలసిన చోట ఆ ఒక్క అభిప్రాయమే ఉండేది. సరంగు నాకు కృతజ్ఞత చెప్పలేదు. అతను చెప్పవలసిందీ లేదు. నేను ఎదురైతే గడ ఆపి, "ఆయ్, బాబుగారూ" అనేవాడు, ఎప్పటిలాగే.

ఏడాది తిరిగి తమ్ముడి సంవత్సరీకం వచ్చింది. నా భార్య పుట్టిల్లు మలికిపురం దగ్గర. నన్ను రమ్మని వాళ్లు పిలవలేదు, ఆమెను పిలిచారు. రేవు వరకు నేను తోడు వెళ్లాను. చెక్క పడవ కోసం చుట్టూ తిరిగి వెళదామని అడిగాను. అక్కరలేదని ఆమె సంగడి ఎక్కింది. ఎక్కాక నా వైపు చూసింది. నేను కూడా ఎక్కాను. అవతలి ఒడ్డున దింపి అదే సంగడి మీద తిరిగి రావచ్చని అనుకున్నాను.

ఆ ఏడు వానలు ముందే తగ్గి ఏరు తేరుకుని ఉంది. తాళ్లు కిర్రుమంటున్నాయి. సరంగు గడ వేస్తున్నాడు. సగం దాటాక ఆమె వంగి అతని కాళ్ల దగ్గర పడి ఉన్న కొసలను చూసింది.

"లాగేది ఇదేనా?"

"ఆయ్, ఇదేనండమ్మా. మీరు కూచున్న దోనెవి ఇదీ, దీని పక్కదీనండి. ఆ రెండూ అవతలిదానివి."

"గట్టిగా లాగాలా?"

"అక్కర్లేదండి. వేలితో లాగినా వొచ్చేస్తాదండి."

ఆమె దాన్ని ముట్టుకోలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఒడ్డు వచ్చేదాకా ఆ కొసనే చూస్తూ కూర్చుంది. నేను అలవాటు కొద్దీ ముడుల వైపు చూశాను. వదులుగానే ఉన్నాయి.